ఆకాశం సవ్వడి విన్న కార్ల్ జాన్‌స్కీ

కార్ల్ జాన్‌స్కీ 1905 అక్టోబరు 22న అమెరికాలోని నార్మన్‌లో జన్మించారు. తండ్రి ఇంజనీరింగ్ ఆచార్యులు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, 1928లో బెల్ ప్రయోగశాలలో చేరారు. మూత్రపిండాల జబ్బు ఉండడంతో ఆయనను హోమ్‌డెల్ అనే పల్లెకు పంపారు.

సముద్రం దాటే రేడియో టెలిఫోనులో గరగర శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టడం ఆయన పని. కర్రలు, ఇత్తడి గొట్టాలతో పెద్ద ఏరియల్ కట్టి ఫోర్డ్ కారు చక్రాల మీద నిలిపారు. అది 20 నిమిషాలకొక చుట్టు తిరిగేది. తోటివారు దానిని రంగులరాట్నం అనేవారట. దగ్గరి ఉరుములు, దూరపు ఉరుముల జాడ తేలింది. సన్నని బుసలాంటి మూడో శబ్దం మిగిలిపోయింది. మొదట సూర్యుడిదేమో అనుకున్నారు. కానీ అది రోజూ 4 నిమిషాలు ముందుగా వచ్చేది. నక్షత్రాలు ఉదయించేదీ అలాగే కదా! అది ధనూరాశి వైపునున్న పాలపుంత మధ్యభాగం నుంచి వస్తోందని 1933లో ప్రకటించారు.

అయినా సంస్థ ఆయనకు వేరే పని అప్పగించింది. దానికి కావలసిన సమాచారం దొరికింది మరి. 1950 ఫిబ్రవరి 14న, 44 ఏళ్లకే ఆయన మరణించారు. 1973లో రేడియో తీవ్రత కొలమానానికి ఆయన పేరు పెట్టారు.

మన ఇబ్రహీంపట్నం దగ్గరి రంగాపూర్ వేధశాలలోని 48 అంగుళాల దూరదర్శిని నక్షత్రాల వెలుగును పట్టేది. తొలి గెలాక్సీల కాలంలో హైడ్రోజన్ వెలువరించిన 21 సెంటీమీటర్ల రేడియో తరంగం మాత్రం, విశ్వం వ్యాకోచించడంతో సాగి, మీటర్ల పొడవై మనల్ని చేరుతుంది. ఆ సంకేతం ఎలా ఉంటుందో శాస్త్రవేత్తలు కంప్యూటర్లలో నమూనాలు కట్టి చూస్తున్నారు. దానికి అడ్డం పాలపుంత బుసే, అది వేల రెట్లు పెద్దది. అందుకని ముందు జాన్‌స్కీ విన్న ఆ శబ్దాన్ని లెక్కగట్టి తీసివేయవలసి వస్తోంది.