బొంబాయి సభలో అంబేడ్కర్: ఓడిన బిల్లులు చెప్పే పాఠం

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ రాజ్యాంగ నిర్మాతగా మనకు తెలుసు. మహద్ చెరువు నీటిని అస్పృశ్యుల చేత తాగించిన ఉద్యమ నాయకుడిగా తెలుసు. నాగపూర్‌లో లక్షలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించిన దార్శనికుడిగానూ తెలుసు. కానీ ఆయన ఒక రాష్ట్ర శాసనసభ్యుడిగా ఎన్నో ఏళ్లు పనిచేశాడన్న సంగతి మన చర్చల్లో అరుదుగా వినబడుతుంది. 1927 నుంచి 1939 దాకా బొంబాయి శాసన వేదికల్లో ఆయన ప్రతిపక్షపు బెంచీల మీదే కూర్చున్నాడు. ఆ కాలంలో ఆయన ప్రవేశపెట్టిన ముఖ్యమైన బిల్లుల్లో ఏదీ చట్టం కాలేదు. రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన సభ్యుడు సభలో ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్న ప్రశ్నకు ఆ వైఫల్యాల్లోనే సమాధానం దొరుకుతుంది.

1891 ఏప్రిల్ 14న మహూలో, సైన్యంలో సుబేదారుగా పనిచేసిన రాంజీ సక్పాల్ ఇంట పుట్టిన అంబేడ్కర్ కొలంబియాలోనూ, లండన్‌లోనూ అర్థశాస్త్రం చదివాడు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎలా పరిణమించిందో వివరించే ఆయన గ్రంథం 1925లో వెలువడింది. ప్రభుత్వం ఎవరి నుంచి వసూలు చేస్తుంది, ఎవరి మీద ఖర్చు పెడుతుంది అన్నది ఆయన పరిశోధనా విషయమే. అందువల్ల 1926 చివర గవర్నరు ఆయనను బొంబాయి లెజిస్లేటివ్ కౌన్సిల్‌కు నామినేట్ చేసినప్పుడు, ఆ సభకు బడ్జెట్ చదవడం తెలిసిన ఒక అస్పృశ్యుడు వచ్చినట్టయింది. 1927 మార్చిలో విద్యా పద్దుపై మాట్లాడుతూ ఆయన రెండు అంకెలను పక్కపక్కన పెట్టాడు. ప్రభుత్వం తలకు 14 అణాలు చదువు మీద ఖర్చు పెడుతోంది. అదే మనిషి నుంచి మద్యం సుంకం రూపంలో రెండు రూపాయలకు పైగా రాబడుతోంది. శాసనసభలో పద్దుల మీద చర్చ ఎందుకు ఉంటుందో ఆ పోలిక ఒక్కటే చెబుతుంది. పన్ను కట్టేవాడి తరఫున ఖర్చును నిలదీయడం సభ మొదటి బాధ్యత.

ఆయన సభలో అడుగుపెట్టిన నెలరోజులకే మహద్ సత్యాగ్రహం జరిగింది. దాని మూలం కూడా సభలోనే ఉంది. 1923 ఆగస్టు 4న ఎస్.కె. బోలే ప్రతిపాదించగా బొంబాయి కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. ప్రభుత్వ నిధులతో కట్టిన, నడిచే బావులు, చెరువులు, ధర్మశాలలు, పాఠశాలలు అస్పృశ్యులకూ అందుబాటులో ఉండాలన్నది దాని సారాంశం. మహద్ పురపాలక సంఘం ఆ మేరకు చవదార్ చెరువును అందరిదిగా ప్రకటించింది. అయినా ఒక్క అస్పృశ్యుడూ ఆ నీటిని ముట్టలేకపోయాడు. తీర్మానమంటే సభ అభిప్రాయం, ప్రభుత్వానికి ఒక సిఫారసు. ఉల్లంఘించినవారికి శిక్ష విధించే శక్తి దానికి లేదు. ఈ తేడా తెలుగు పాఠకులకు కొత్త కాదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మండలి రద్దుకు తీర్మానం చేసినా, పార్లమెంటు చట్టం చేయనందున మండలి కొనసాగింది. చివరకు సభ ఆ తీర్మానాన్నే వెనక్కు తీసుకుంది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాది మందితో నడిచివెళ్లి చవదార్ నీరు తాగడమంటే, సభ కాగితం మీద ఒప్పుకున్న హక్కును వీధిలో అమలు చేయడమే. ఆ తర్వాత కోర్టు వ్యాజ్యం దశాబ్దం పాటు సాగి, 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు తీర్పుతో ముగిసింది.

తీర్మానం బలహీనత తెలిసినవాడు కనుకనే ఆయన బిల్లు వైపు మళ్లాడు. 1928 మార్చి 19న మహర్ వతన్ వ్యవస్థను సవరించే బిల్లును కౌన్సిల్‌లో ప్రవేశపెట్టాడు. మహర్లు ఊరికీ, సర్కారుకూ రాత్రింబగళ్లు చాకిరీ చేయాలి. ప్రతిఫలంగా దక్కేది కొద్దిపాటి వతన్ భూమి, ఊరివాళ్లు దయతలచి కొలిచే ధాన్యం. తెలంగాణ పల్లెల్లో వెట్టిని ఎరిగినవారికి దీని స్వభావం వేరే చెప్పనక్కర్లేదు. జీతాన్ని నిర్ణయించండి, చాకిరీ వద్దనుకున్నవారిని భూమి మీద పూర్తి కట్టుబడి చెల్లించి విముక్తులు కానివ్వండి అన్నది బిల్లు ఉద్దేశం. అది సెలక్ట్ కమిటీకి వెళ్లింది. కమిటీ నుంచి తిరిగొచ్చేసరికి దాని సారం మిగలలేదు. 1929లో ఆయన తన బిల్లును తానే ఉపసంహరించుకున్నాడు. ఒక బిల్లును నేరుగా ఓడించనక్కర లేదని, కమిటీ గదిలో అరగదీస్తే చాలని సభ ఆయనకు నేర్పింది.

1935 ప్రభుత్వ చట్టంతో దృశ్యం మారింది. నామినేషన్ల కాలం పోయి ఎన్నికైన దిగువ సభ వచ్చింది. బొంబాయి శాసనసభకు 175 స్థానాలు. పూనా ఒడంబడిక ఫలితంగా వాటిలో 15 షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయ్యాయి. మంత్రివర్గం ఈ సభకే జవాబు చెప్పాలి. ఆస్తిపరుల ఓట్లతో ఏర్పడే ఎగువ సభ పక్కనే ఉన్నా, గ్రాంట్ల మీద ఓటు వేసే అధికారం దిగువ సభదే. 1936 ఆగస్టులో అంబేడ్కర్ స్వతంత్ర కార్మిక పక్షాన్ని స్థాపించాడు. రిజర్వుడు స్థానం ఇచ్చినా, అక్కడ నిలబెట్టే అభ్యర్థిని అగ్రవర్ణ నాయకత్వం గల పార్టీ ఎంచితే, గెలిచినవాడు ఎవరి మాట వింటాడన్నది ఆయన సందేహం. సొంత పక్షం, సొంత విప్ లేకుండా రిజర్వుడు స్థానం సగం హక్కు మాత్రమేనని ఆయన లెక్క.

ఆ లెక్క 1937 ఎన్నికల్లో పరీక్షకు నిలబడింది. బొంబాయిలోని బైకుల్లా, పరేల్ ప్రాంతంలో అంబేడ్కర్ మీద కాంగ్రెస్ ప్రసిద్ధ దళిత క్రికెటర్ పల్వంకర్ బాలూను నిలబెట్టింది. అంబేడ్కర్ రెండు వేల ఓట్ల తేడాతో గెలిచాడు. ఎన్నికల పద్ధతి కూడా ఆయన పక్షానికి కలిసొచ్చింది. బొంబాయిలో ఒకే నియోజకవర్గం నుంచి పలువురిని ఎన్నుకునే చోట, ఓటరు తనకున్న ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి వేయవచ్చు. చెల్లాచెదురుగా ఉన్న అల్పసంఖ్యాకులు ఒక్కటైతే ఒకరిని గెలిపించుకోగల ఏర్పాటు అది. పక్షం పోటీ చేసిన 17 స్థానాల్లో అత్యధికం గెలిచింది. అనంత్ చిత్రే, శ్యామరావ్ పరులేకర్ వంటి దళితేతరులూ ఆ పక్షం తరఫున సభకు వచ్చారు. కాంగ్రెస్ అతిపెద్ద పక్షంగా నిలిచి, 1937 జూలైలో బి.జి. ఖేర్ ప్రధానిగా మంత్రివర్గాన్ని ఏర్పాటు చేసింది. రాష్ట్ర ప్రభుత్వాధినేతను అప్పట్లో అలాగే పిలిచేవారు. సభాపతి స్థానంలో జి.వి. మావలంకర్ కూర్చున్నాడు.

1937 సెప్టెంబరు 17న అంబేడ్కర్ ఖోతీ రద్దు బిల్లును ప్రవేశపెట్టాడు. కొంకణ్ ప్రాంతంలో రైతుకూ సర్కారుకూ మధ్య నిలిచి శిస్తు వసూలు చేసే దళారీ పేరు ఖోత్. వీరిలో ఎక్కువమంది బ్రాహ్మణులు, కొందరు మరాఠాలు, ముస్లింలు. భూమి దున్నేది కుణబీలు, మహర్లు. ఖోత్‌లకు తగిన పరిహారం ఇచ్చి, సాగులో ఉన్నవారిని భూమికి నేరుగా హక్కుదారులుగా గుర్తించమన్నది బిల్లు. శూద్ర రైతునూ, అస్పృశ్య కూలినీ ఒకే ప్రయోజనం మీద కలిపిన ప్రయత్నం కనుక దాని రాజకీయ అర్థం భూసంస్కరణకు మించినది. 1938 జనవరి 10న వేలాది కొంకణ్ రైతులు బొంబాయి వచ్చి శాసనసభ వైపు కదిలారు. అంబేడ్కర్ ముందు నడిచాడు. రైతుల ప్రతినిధులు ఖేర్‌ను కలిసి కోర్కెలు విన్నవించారు. అయినా బిల్లు ముందుకు సాగలేదు. కారణం సభా నియమాల్లోనే ఉంది. ఏ రోజు ఏ పని చేపట్టాలో నిర్ణయించడంలో ప్రభుత్వానిదే పైచేయి. ప్రైవేటు సభ్యుల బిల్లులకు దక్కేది మిగిలిన కాస్త సమయం. బిల్లును వ్యతిరేకించి చెడ్డపేరు తెచ్చుకునే బదులు వాయిదా వేస్తే సరిపోతుంది. 1939 నవంబరులో మంత్రివర్గం రాజీనామా చేయడంతో ఖోతీ బిల్లు కథ అక్కడే ఆగిపోయింది.

అదే 1938 జనవరిలో జరిగిన మరో ఘటన సంఖ్యాబలం స్వభావాన్ని ఇంకా నగ్నంగా చూపింది. స్థానిక సంస్థల చట్టానికి ప్రభుత్వం తెచ్చిన సవరణలో షెడ్యూల్డు కులాలను హరిజనులుగా పేర్కొన్నారు. ఆ పేరు మాకు సమ్మతం కాదని స్వతంత్ర కార్మిక పక్షం తరఫున భావురావ్ గైక్వాడ్ అభ్యంతరం చెప్పాడు. మమ్మల్ని ఏమని పిలవాలో మమ్మల్నే అడగమన్నది వారి వాదన. ఓటింగ్ జరిగింది. ప్రభుత్వ పక్షం గెలిచింది. అంబేడ్కర్, ఆయన సహచరులు సభ నుంచి బయటికి వచ్చేశారు. ఒక సమూహం పేరును ఆ సమూహపు ప్రతినిధులు వద్దంటున్నా, మిగిలినవారి చేతులు లేచి ఖరారు చేయడంలో సభా నియమాల ఉల్లంఘన ఏదీ లేదు. నియమం ప్రకారమే అంతా జరిగింది. కుల సమాజంలో మెజారిటీ అనేది రాజకీయ అభిప్రాయాన్ని బట్టి మారే మెజారిటీ కాదని, అది పుట్టుకతో స్థిరపడినదని అంబేడ్కర్ తర్వాతి రచనల్లో చేసిన వాదన ఇటువంటి అనుభవాల్లోంచి గట్టిపడింది.

1938 సెప్టెంబరులో పారిశ్రామిక వివాదాల బిల్లు వచ్చింది. కొన్ని పరిస్థితుల్లో సమ్మెను నేరంగా మార్చే ఆ బిల్లు మీద ఆయన సుదీర్ఘంగా మాట్లాడాడు. పని చేయనని చెప్పే స్వేచ్ఛ లేనివాడు బానిస అవుతాడన్నది ఆయన వాదన. వెట్టిని కులంగా అనుభవించిన సమాజం నుంచి వచ్చినవాడికి సమ్మె హక్కు విలువ వేరుగా తెలుస్తుంది. బిల్లు ఆగలేదు. నవంబరు 7న ఇతర కార్మిక సంఘాలతో కలిసి ఒకరోజు సమ్మె నడిపించాడు. సభలో వాదన, వీధిలో సమీకరణ ఆయనకు వేర్వేరు మార్గాలుగా ఎన్నడూ కనబడలేదు. మహద్ నుంచి ఈ సమ్మె దాకా ఆయన రెంటినీ కలిపే నడిపాడు.

1946 నాటికి ఆయన పక్షం ఎన్నికల్లో దెబ్బతింది. రాజ్యాంగ సభకు బొంబాయి దారి మూసుకుపోయింది. అప్పుడు ఆదుకున్నదీ ఒక రాష్ట్ర శాసనసభే. రాజ్యాంగ సభ సభ్యులను రాష్ట్రాల దిగువ సభలు దామాషా పద్ధతిన, బదిలీ ఓటు ద్వారా ఎన్నుకున్నాయి. మెజారిటీ అక్కర లేకుండా కొద్దిమంది సభ్యులు ఏకమైతే ఒకరిని పంపగల పద్ధతి అది. బెంగాల్ శాసనసభలో జోగేంద్రనాథ్ మండల్ ఆ కొద్దిమందినీ కూడగట్టాడు. దేశ విభజనతో ఆ స్థానం పోగా, 1947 జూలైలో బొంబాయి సభ ఆయనను ఎన్నుకుంది. అందుకు రాజేంద్రప్రసాద్ లేఖ రాసింది ఎవరికో కాదు, ఒకప్పుడు అంబేడ్కర్ ఎదురు బెంచీ నుంచి ఎదుర్కొన్న ఖేర్‌కే.

ముసాయిదా సంఘం అధ్యక్షుడిగా ఆయన ముందుకు నడిపిన నిబంధనల వెనక ఈ అనుభవం ఉంది. మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. సభ మంజూరు చేయనిదే ఖజానా నుంచి రూపాయి కదలరాదు. మండలి బిల్లును ఆలస్యం చేయగలదే గాని ఆపలేదు. రాష్ట్ర సభల్లో షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభా నిష్పత్తిలో స్థానాలను 332వ అధికరణం కేటాయించింది. అయితే సంఖ్యాబలం చేతిలో ఆయన ఎదుర్కొన్న చిక్కుకు పూర్తి విరుగుడు ఆ గ్రంథంలోనూ చేరలేదు. ఉమ్మడి నియోజకవర్గాలే మిగిలాయి. 1952లో ఆయన స్వయంగా ఉత్తర బొంబాయి లోక్‌సభ స్థానంలో ఓడిపోయాడు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ అంతే. 1956 డిసెంబరు 6న మరణించేనాటికి ఆయన రాజ్యసభ సభ్యుడు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ శాసనసభలోనూ సరిగ్గా 175 స్థానాలే. అందులో 29 షెడ్యూల్డు కులాలకు, 7 షెడ్యూల్డు తెగలకు. తెలంగాణలో 119కి గాను 19, 12. నాటి బొంబాయి పదిహేనుతో పోలిస్తే ఈ సంఖ్య తక్కువేమీ కాదు. అయినా 1985లో వచ్చిన పదో షెడ్యూలు తర్వాత విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడి సభ్యత్వమే ప్రమాదంలో పడుతుంది. ఆ విప్ ఏ కులాల నాయకత్వం చేతిలో ఉందన్నది అంబేడ్కర్ 1936లో అడిగిన ప్రశ్నే. ఓటు బంధించబడినా ప్రశ్న బంధించబడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ఉప ప్రణాళిక చట్టం దళితులకు, ఆదివాసులకు బడ్జెట్‌లో వాటాను చట్టబద్ధం చేసింది. ఆ నిధులు దేనికి ఖర్చయ్యాయో నిగ్గుతేల్చడానికి ప్రశ్నోత్తరాల సమయం, కోత తీర్మానాలు, ప్రభుత్వ పద్దుల కమిటీ ఉన్నాయి. వీటిలో దేనికీ పార్టీ మారనక్కర లేదు. 14 అణాలకు, రెండు రూపాయలకు మధ్య తేడా చూపగల చదువు కావాలి, చూపాలన్న పట్టుదల కావాలి.

ఖోతీ వ్యవస్థ చివరకు 1949లో బొంబాయి శాసనసభ చేసిన చట్టంతోనే రద్దయింది. తక్కువ స్థాయి గ్రామ వతన్లు 1958 చట్టంతో పోయాయి. అప్పటికి ఆయన లేడు. ఈ రెంటి వాదనలూ, ముసాయిదాలూ ఆయన ఓడిన బిల్లుల్లో ముందే ఉన్నాయి. ఆయన సభా ప్రసంగాలు రచనల సంపుటాల్లో రెండోదిగా అందుబాటులో ఉన్నాయి. జయంతి సభల్లో దండ వేసే ప్రతి శాసనసభ్యుడినీ, ఆ సంపుటం చదివిన విద్యార్థులు ఒక్కమాట అడగవచ్చు: గడిచిన సమావేశాల్లో మీరు మా తరఫున అడిగిన ప్రశ్న ఏమిటి?