బడిలో అన్నం పెట్టిన కామరాజ్

మన సైట్లలో తమిళ అన్నదమ్ములు చాలామంది ఉంటారు. కామరాజ్ ఎవరని వాళ్లను అడిగి చూడండి. ముఖ్యమంత్రి అని తర్వాత చెప్తారు, బడిలో అన్నం పెట్టినాయన అని ముందు చెప్తారు. పిల్లల చదువు గురించి ఈ ఏడు పుస్తకంలో ఏం రాద్దామా అనుకున్నప్పుడు మాకు ఆయనే గుర్తొచ్చారు. ఆయన కూడా మనలో చాలామంది లాగే చిన్నప్పుడే బడి మానేసి పనికి పోయిన మనిషి.

కామరాజ్ 1903 జులై 15న విరుదునగర్‌లో పుట్టారు. ఆయనకు ఆరేళ్లప్పుడు తండ్రి కుమారస్వామి పోయారు. తల్లి శివకామి నగలు అమ్మి, ఆ డబ్బు ఒక వర్తకుడి దగ్గర ఉంచి, నెలనెలా వచ్చే వడ్డీతో ఇల్లు నెట్టుకొచ్చింది.

ఆయన చదివిన బడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వాళ్లు నాడార్లు. ఆ కాలంలో నాడార్లను చాలా గుళ్లలోకి రానిచ్చేవాళ్లు కాదు. ఎవరో వచ్చి చదువు చెప్తారని కూర్చోకుండా విరుదునగర్ నాడార్లు సొంతంగా క్షత్రియ విద్యాశాల అనే బడి పెట్టుకున్నారు. ఇంటింటా వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన వేసేవాళ్లు. ఆ పిడికిళ్లన్నీ పోగు చేసి బడి ఖర్చు వెళ్లదీశారు. పిల్లల దగ్గర ఫీజు తీసుకునేవాళ్లు కాదు. మన సంఘానికి నెలకింత అని మనం వేసుకునే చందా కూడా ఇలాంటిదే కదా అనిపిస్తుంది మాకు.

అయితే ఫీజు లేని బడి కూడా కామరాజ్‌ను నిలుపుకోలేకపోయింది. ఇంట్లో గడవాలి. పన్నెండేళ్లు నిండేసరికే మేనమామ బట్టల కొట్లో పనికి కుదిరారు. తర్వాత కుర్రాడు రాజకీయ సభల వెంట తిరుగుతున్నాడని ఇంట్లోవాళ్లు తిరువనంతపురంలో ఇంకో మేనమామ కలప అడితికి పంపారు. అక్కడా ఆగలేదు. స్వాతంత్ర్య పోరాటంలో దిగి, మొత్తం మీద ఎనిమిదేళ్లకు పైగా జైళ్లలో గడిపారు. పెళ్లి చేసుకోలేదు. ఆ పోరాటం కథంతా వేరే పుస్తకం అవుతుంది, ఇక్కడ వదిలేస్తున్నాం.

1954 ఏప్రిల్‌లో ఆయన మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్ర విడిపోయి అప్పటికి ఆరు నెలలే. అంతకు ముందు రాజాజీ ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. పిల్లలు ఒక పూట బడికి రావాలి, రెండో పూట ఇంటి దగ్గర తండ్రి పని నేర్చుకోవాలి. చాకలి కొడుకు చాకలిగానే, కుమ్మరి కొడుకు కుమ్మరిగానే ఉండిపోవాలా అని జనం మండిపడ్డారు. కామరాజ్ ప్రభుత్వం వచ్చిన కొన్ని వారాల్లోనే ఆ పథకాన్ని తీసేసింది.

ఆ తర్వాత చేసిన పనుల్లోనే ఆయన పనితనం కనిపిస్తుంది. పేదవాడి బిడ్డ బడికి ఎందుకు రావడం లేదు? ఈ ప్రశ్నకు ఆయన జవాబు కాగితాల్లో వెతకలేదు. బడి దూరం. అందుకని చిన్న ఊళ్లలో కూడా నడిచిపోయే దూరంలో ప్రాథమిక పాఠశాల ఉండేలా వేల బడులు తెరిపించారు. మైలు దూరం మనకు లెక్క కాదు, ఎండలో ఏడేళ్ల పిల్లకు అది చాలా దూరం. ఇక్కడి నుంచి ఫీజు పంపుతున్నా ఆడపిల్ల చదువు ఆగిపోయిన ఇళ్లు మాకు తెలుసు. పెద్ద బడి పక్క ఊళ్లో ఉండటమే దానికి కారణం.

రెండోది ఆకలి. ఒక పశువుల కాపరి పిల్లాడిని బడికి ఎందుకు పోలేదని కామరాజ్ అడిగితే, పోతే నువ్వు అన్నం పెడతావా అని వాడు ఎదురు అడిగాడని తమిళనాడులో కథగా చెప్పుకుంటారు. అది నిజంగా జరిగినా జరగకపోయినా, 1956లో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఖర్చుకు వెనకాడిన వాళ్లు ఉన్నారు. కామరాజ్ తగ్గలేదు. ఎక్కువ భాగం ప్రభుత్వం పెట్టుకుంది, మిగతాది ఊరివాళ్లు వేసుకున్నారు. పిడికెడు బియ్యం బడిలో చదివిన మనిషికి ఊరు చెయ్యి వేస్తుందన్న నమ్మకం ఉండటంలో వింత లేదు. బెంచీలు, నల్లబల్లలు, స్థలాలు కూడా ఊళ్లవాళ్లే ఇచ్చేలా సభలు పెట్టించారు. 1960 ప్రాంతంలో ఉచిత యూనిఫాం వచ్చింది. చిరిగిన చొక్కాతో బడిలో కూర్చున్నవాడికే దాని విలువ తెలుస్తుంది.

బడిలో అన్నం ఆలోచన ఆయనతోనే పుట్టిందని అనలేం. 1920లోనే మద్రాసు కార్పొరేషన్ ఒక బడిలో పిల్లలకు తిండి పెట్టింది. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు మాట్లాడే దేవాంగ కులస్థుడు. ఖర్చు ఎక్కువని కొన్నేళ్లకే ఆపేశారు. దాన్ని రాష్ట్రమంతా నిలబెట్టింది మాత్రం కామరాజే.

మన దగ్గరికి అది చాలా ఆలస్యంగా వచ్చింది. 1995 తర్వాత హాజరు సరిగ్గా ఉంటే నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు. మా వయసు వాళ్లకు ఆ సంచి గుర్తుండే ఉంటుంది. ఇంటికి పోయాక ఆ బియ్యం అందరి బియ్యంలో కలిసిపోయేవి, మధ్యాహ్నం బడిలో కడుపు మాత్రం ఖాళీ. 2001లో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని చెప్పాక, 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో పొయ్యి వెలిగింది. అప్పటికి మేము చిన్న తరగతులు దాటేశాం.

కామరాజ్ 1963లో పదవి తనంతట తానే వదిలి పార్టీ పనికి వెళ్లారు. శాస్త్రిగారిని, తర్వాత ఇందిరాగాంధీని ప్రధానులను చేయడంలో ఆయన మాట నడిచింది. 1967 ఎన్నికల్లో సొంత విరుదునగర్‌లోనే ఓ విద్యార్థి నాయకుడి చేతిలో ఓడిపోయారు. 1975 అక్టోబర్ 2న మద్రాసులో కన్నుమూశారు. మరుసటి ఏడు భారతరత్న ఇచ్చారు. కొడుకు అంత పెద్ద పదవిలో ఉన్నా, తల్లి శివకామి విరుదునగర్‌లోని ఆ చిన్న ఇంట్లోనే ఉండేది. ఆ ఇంటిని ఇప్పుడు స్మారకంగా ఉంచారు.