జనవరి ఒకటిన లేసుడు కాదు, ఫిబ్రవరిల గూడ లేసుడే మొగోడి పని కాదు, మనిషి పని

కొత్త సంవత్సరం రాంగనే మన వాట్సాప్ గ్రూపులల్ల ఒకటే లొల్లి. రేపటి సంది పొద్దుగాల ఉరుకుతా, పొట్ట తగ్గిస్తా, కండలు పెంచుతా అని స్టేటస్‌లు. సంక్రాంతి సకినాలు ఒడువక ముందే బూట్లు అటక ఎక్కుతయి. తిట్టెటందుకు చెప్తలేను తమ్మీ, నేను గూడ గట్ల శానాసార్లు మానేసినోన్నే. గందుకే ఇయ్యాల కోడి రామ్మూర్తి నాయుడు ముచ్చట చెప్త.

ఉత్తరాంధ్రల వీరఘట్టం ఆయన ఊరు. చిన్నతనంలనే తల్లి పోయింది. తండ్రి ఆయన్ను విజయనగరంల ఉన్న చిన్నాయన ఇంటికి తోలిండు. అక్కడ వ్యాయామశాల పట్టుకున్నడు, ఇగ ఇడువలే. ఇరవై ఒక్క ఏండ్లకు ఛాతి మీద టన్నున్నర బరువు మోసేటోడని, తర్వాత అది మూడు టన్నులదాక పోయిందని చెప్పుకుంటరు. లెక్క ఎట్లున్నా, అసలు సంగతి గా నడుమ గడిచిన ఏండ్లు. ఒక్క జనవరిల వచ్చిన బలం కాదది.

ఉత్త బలంతోని ఆగలే. మద్రాసు సైదాపేటకు పోయి ఏడాది వ్యాయామ శిక్షణ తీసుకున్నడు. మళ్లొచ్చి విజయనగరంల పిల్లలకు వ్యాయామం నేర్పే సారు అయిండు. ఆ తర్వాతనే సర్కస్ పెట్టిండు. ఛాతికి కట్టిన ఇనుప గొలుసులు ఊపిరి బిగవట్టి తెంపుడు, ఛాతి మీద ఏనుగును ఎక్కించుకునుడు, ఉరికే మోటారు కార్లను ఆపుడు చూసెటందుకు జనం ఇరుగబడి వచ్చెటోళ్లు. లండన్‌ల ఐదో జార్జి రాజు ముందట గూడ ఆడిండు. కలియుగ భీముడని పేరొచ్చింది. గంత బలమున్నోడు మాంసం ముట్టలే, ప్రాణాయామం ఇడువలే. పౌడర్ డబ్బాలు కొనకుంటె ఒళ్లు రాదనేటోళ్లు జెర ఈ మాట ఇనాలె. సూదులేసుకొని కండలు పెంచుకునేటోళ్లైతే ఇంకా ఇనాలె, అది గుండెను, కార్జాన్ని తినేస్తది.

కథ ఇక్కడనే అయిపోలే. కాలికి పుండై, కాలు తీసెయ్యాల్సి వచ్చింది. సంపాదించిన పైసలు శానా మటుకు దానాలకే పోయినయి. 1942ల ఒడిశాల బలంగీర్‌ల కన్ను మూసిండు. గంత ఒళ్లు గూడ శాశ్వతం కాదు. ఆయన పిల్లలకు నేర్పిన అలవాటు మాత్రం ఆయన కాలు పోయిందని పోలే.

మరి మనం ఏం జెయ్యాలె? ఏనుగును ఎక్కించుకునుడు గాదు, ఆయన వరుసను ఎక్కించుకోవాలె. కానిస్టేబుల్ ఈవెంట్లకు 1600 మీటర్లు ఉరకాల్నంటే, మొదటి వారం 400 మీటర్లు ఆగకుంట ఉరుకు. వారానికి జెరంత పెంచు. ఒక రోజు తప్పితే ఆ వారమే పోయిందనుకోకు, తెల్లారి మళ్ల లెవ్వు. ఒక్కనివి గాకుండ ఇద్దరు ముగ్గురు జతగూడుండ్రి. చెల్లెండ్లను గూడ పిలువుండ్రి, వాళ్లకు గూడ అదే గ్రౌండ్ ఉన్నది.

గ్రౌండ్ అంటే యాదికొచ్చింది. ఊర్ల బడి గ్రౌండ్ల కట్టెలు, ఇసుక కుప్పలు పోసిండ్రా? పీఈటీ సారు పోస్టు ఖాళీగున్నదా? రామ్మూర్తికి చిన్ననాడు ఒక వ్యాయామశాల దొరికింది, గందుకే రామ్మూర్తి అయిండు. మన పిల్లలకు గది దొరకాలె. ఈ ఏడు సర్పంచును, బడి పెద్దసారును గీ ఒక్కటి అడుగుండ్రి. అడిగిన తెల్లారి సంది గ్రౌండ్ల మీరే ముందు కనవడుండ్రి.