కొలతనే కొలిచిన మనిషి: వాల్టర్ షూహార్ట్

పద్ధతిగా నడిచే ఏ రక్తపరీక్షల కేంద్రంలోనైనా, ఉదయం మొదటి రోగి నమూనా కంటే ముందు మరొక ద్రవం యంత్రంలోకి వెళుతుంది. అందులో చక్కెర ఎంత, యూరియా ఎంత అన్నది ముందే తెలిసి ఉంటుంది. దాన్ని కంట్రోల్ సీరం అంటారు. యంత్రం చూపిన విలువ ఒక పటంపై చుక్కగా పడుతుంది. చుక్క హద్దు గీతల మధ్య ఉంటే ఆ రోజు పని మొదలవుతుంది. గీత దాటితే, కారణం తేలేవరకు రోగుల ఫలితాలు బయటకు వెళ్లవు. ప్రయోగశాలల్లో ఈ పటాన్ని లెవీ-జెన్నింగ్స్ చార్టు అంటారు. ఆ పేరులో లేని మూడో వ్యక్తి ఒకరున్నారు. ఆయన వైద్యుడు కాదు, రసాయన శాస్త్రవేత్త కూడా కాదు. టెలిఫోన్ పరికరాల తయారీ సంస్థలో ఉద్యోగం చేసిన భౌతికశాస్త్రవేత్త వాల్టర్ ఆండ్రూ షూహార్ట్.

షూహార్ట్ 1891 మార్చి 18న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో న్యూ కాంటన్ అనే చిన్న ఊళ్లో జన్మించారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకొని, 1917లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణం నుంచి భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందారు. మరుసటి ఏడాది వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా చేరారు. అమెరికా అంతటా విస్తరించిన బెల్ టెలిఫోన్ వ్యవస్థకు కావలసిన పరికరాలన్నీ ఈ సంస్థే తయారుచేసేది. షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారం దాని ప్రధాన కేంద్రం.

అప్పటి టెలిఫోన్ సంస్థకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఉండేది. సంకేతాలను బలపరిచే పరికరాలను భూమిలో పాతిపెట్టవలసి వచ్చేది. ఒకసారి పాతిన తరువాత చెడిపోతే తవ్వి తీయడం ఖర్చుతో కూడిన పని. కనుక వస్తువు మొదటే సరిగా తయారు కావాలి. అప్పటికి నాణ్యత అంటే తయారైన సరుకును తనిఖీ చేసి, పనికిరానిదాన్ని పక్కన పడేయడమే. ఒక వస్తువు కొంచెం పెద్దదైతే యంత్రాన్ని ఇటు, కొంచెం చిన్నదైతే అటు సర్దేవారు. ఎంత సర్దితే అంత మంచిదని అందరి నమ్మకం. అయితే అలా ప్రతి తేడాకూ యంత్రాన్ని సర్దుతూ పోతే ఒడుదొడుకులు తగ్గకపోగా మరింత పెరుగుతున్నాయని బెల్ ఇంజనీర్లకు అనుభవంలో తెలియసాగింది.

1924 మే 16న షూహార్ట్ తన పై అధికారి జార్జ్ ఎడ్వర్డ్స్‌కు ఒక చిన్న నివేదిక అందించారు. దాని నిడివి సుమారు ఒక పుట. అందులో మూడో వంతును ఒక సాదా పటం ఆక్రమించింది. మధ్యలో సగటును సూచించే గీత, పైనా కిందా హద్దులు, వాటి మధ్య కాలక్రమంలో పడే చుక్కలు. నేడు ప్రపంచమంతటా వాడే నియంత్రణ పటానికి అదే తొలి రూపం.

పటం కంటే దాని వెనుక ఉన్న విభజన ముఖ్యమైనది. ఏ పనిలోనైనా తేడాలు రెండు రకాల కారణాల వల్ల వస్తాయని షూహార్ట్ గుర్తించారు. వంటింట్లో ఇది అందరికీ అనుభవమే. ఒకే చెయ్యి, ఒకే కుండ అయినా, పప్పులో వేసే ఉప్పు ఏ రెండు రోజులూ అచ్చంగా ఒకే తూకం ఉండదు. ఆ హెచ్చుతగ్గులకు ఫలానా కారణమంటూ వెతికితే దొరకదు. అది చేతి స్వభావం. కానీ కల్లుప్పు అయిపోయి మెత్తని ఉప్పు వచ్చిన రోజు నుంచి పప్పు వరుసగా ఉప్పు కషాయమైతే, దానికి పేరుపెట్టి చెప్పగల కారణం ఉంది. మొదటి రకాన్ని యాదృచ్ఛిక కారణాలు అన్నారు, రెండో రకాన్ని గుర్తించి తొలగించదగిన కారణాలు అన్నారు. మొదటి రకం తేడాను చూసి మనిషిని మందలించడం అన్యాయం, యంత్రాన్ని సర్దడం నష్టం. రెండో రకాన్ని చూసీ ఊరుకోవడం ప్రమాదం.

ఈ రెండింటినీ విడదీసే గీత ఎక్కడ గీయాలి? సగటు నుంచి మూడు ప్రామాణిక విచలనాల దూరంలో గీయాలని షూహార్ట్ నిర్ణయించారు. విలువలు సాధారణ విభాజనాన్ని అనుసరిస్తే, ఏ దోషమూ లేకుండానే ఆ హద్దు దాటే చుక్కలు వెయ్యికి సుమారు మూడు. అయితే ఆయన ఈ హద్దును గణిత సిద్ధాంతం శాసించిన సంఖ్యగా ప్రతిపాదించలేదు. లేని కారణం కోసం వెతకడానికి అయ్యే ఖర్చునూ, ఉన్న కారణాన్ని వదిలేస్తే కలిగే నష్టాన్నీ తూచి, అనుభవంలో పనికివచ్చే హద్దుగా దాన్ని ఎంచుకున్నారు. భౌతికశాస్త్రం చదివినా ఆయన ఆలోచన ఎప్పుడూ కర్మాగారం నేల మీదే నిలిచింది.

1925లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలు ఏర్పడగానే షూహార్ట్ అక్కడికి మారారు. 1956లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే పనిచేశారు. 1931లో వెలువడిన ఆయన తొలి గ్రంథం తయారీ వస్తువుల నాణ్యతను పొదుపుగా నియంత్రించడం గురించినది. మరుసటి ఏడాది లండన్ విశ్వవిద్యాలయంలో ఉపన్యసించారు. 1938లో ఆయన శిష్యప్రాయుడైన ఎడ్వర్డ్స్ డెమింగ్ వాషింగ్టన్‌లో ఏర్పాటు చేసిన ప్రసంగాలు, డెమింగ్ సంపాదకత్వంలోనే 1939లో రెండో గ్రంథంగా వచ్చాయి. తరువాత జపాన్ పరిశ్రమలకు నాణ్యతా పాఠాలు చెప్పి ప్రపంచ ప్రఖ్యాతి పొందినది ఈ డెమింగే. షూహార్ట్ రచనలు సులభంగా కొరుకుడుపడవు. వాటిని మామూలు ఇంజనీర్లకు, మేనేజర్లకు చేరవేసిన ఘనత చాలావరకు శిష్యుడిది.

వైద్య ప్రయోగశాలల దృష్టితో చూస్తే ఈ రెండో గ్రంథమే ఎక్కువ విలువైనది. కర్మాగారంలో బోల్టు తయారైనట్టే, ప్రయోగశాలలో కొలత కూడా ఒక తయారీ ప్రక్రియలో పుడుతుందని షూహార్ట్ అందులో చూపారు. ముడిసరుకు, పరికరం, పద్ధతి, పనిచేసే మనిషి అన్నీ అక్కడా ఉన్నాయి. దీనికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ సాహసోపేతమైనది. అత్యంత జాగ్రత్తగా చేసిన గురుత్వాకర్షణ స్థిరాంకం కొలతలను తీసుకున్నారు. బంగారు, ప్లాటినం, గాజు గోళాలతో చేసిన ఆ ప్రయోగాల్లో గోళం మారినప్పుడు విలువలూ మారాయి. గురుత్వాకర్షణ మాత్రం మారదు కదా. పేరున్న శాస్త్రజ్ఞుల చేతిలో పుట్టిన అంకెలు సైతం నియంత్రణలో ఉన్నాయో లేవో పరీక్షించుకోవలసిందేనని దీనితో తేలింది. రక్తంలోని చక్కెరను కొలిచే యంత్రానికి ఇంతకంటే మినహాయింపు ఏముంటుంది?

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధ కర్మాగారాల అవసరం ఈ పద్ధతులను అమెరికా అంతటా వ్యాపింపజేసింది. యుద్ధం ముగిశాక షూహార్ట్ భారతదేశానికి వచ్చారు. 1947-48లో ప్రొఫెసర్ ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై వచ్చి, దేశంలో పర్యటిస్తూ సమావేశాలు జరిపి, పారిశ్రామికవేత్తలకు నాణ్యతా నియంత్రణను పరిచయం చేశారు. మహలనోబిస్ కూడా భౌతికశాస్త్రం నుంచి గణాంకశాస్త్రానికి వచ్చినవారే. షూహార్ట్ తొలి గ్రంథం వచ్చిన 1931లోనే ఆయన కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించారు. ఆ సంస్థ 1950వ దశకం నుంచి వివిధ నగరాల్లో నాణ్యతా నియంత్రణ విభాగాలను నెలకొల్పింది. హైదరాబాదులోని విభాగం కూడా ఆ పరంపరలోనిదే.

ఆయన భారతదేశానికి వచ్చిన కాలంలోనే అమెరికా ఆసుపత్రులలో ఒక కలవరపెట్టే నిజం బయటపడింది. 1947లో విలియం బెల్క్, విలియం సండర్‌మన్ అనే వైద్యులు పెన్సిల్వేనియాలోని ఆసుపత్రి ప్రయోగశాలలకు ఒకే విధమైన నమూనాలను పంపి, గ్లూకోజు, కాల్షియం, హిమోగ్లోబిన్ వంటివాటిని కొలవమన్నారు. వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆమోదించలేని ఫలితాలు చాలా ఉన్నాయి. అంటే రోగి ఏ ఆసుపత్రికి వెళ్లాడన్నదాన్ని బట్టి అతని వ్యాధి మారిపోయే స్థితి.

1950లో స్టాన్లీ లెవీ, ఇ.ఆర్. జెన్నింగ్స్ ఈ జబ్బుకు షూహార్ట్ పటాన్ని మందుగా సూచించారు. ఒకే నమూనాను రెండుసార్లు పరీక్షించి, ఆ రెండింటి సగటునూ, వాటి మధ్య తేడానూ పటాలపై గుర్తించే పద్ధతి అది. కర్మాగారంలో షూహార్ట్ చెప్పినదానికి దగ్గరి అనుసరణ. 1952లో హెన్రీ, సెగలోవ్ అనే మరో ఇద్దరు దాన్ని సులభం చేశారు. నిలకడగా ఉండే నమూనాను రోజూ పరీక్షించి, వచ్చిన ఒక్క విలువను నేరుగా చుక్కగా పెడితే చాలన్నారు. నేడు ప్రయోగశాలల్లో కనిపించేది నిజానికి ఈ సరళ రూపమే. పేరు మాత్రం లెవీ, జెన్నింగ్స్‌లదే స్థిరపడింది.

దీనివల్ల రోగికి ఒరిగేదేమిటో ఒక లెక్కతో చూడవచ్చు. పరగడుపున రక్తంలో గ్లూకోజు డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములు, అంతకు మించితే మధుమేహంగా పరిగణిస్తారు. యంత్రం రోజురోజుకూ పైకి జరుగుతూ 6 మిల్లీగ్రాములు ఎక్కువ చూపుతున్నదనుకుందాం. నిజానికి 121 ఉన్న మనిషికి 127 వస్తుంది. శరీరంలో ఏ మార్పూ లేకుండానే ఆ మనిషి మధుమేహ రోగుల జాబితాకు చేరువవుతాడు. ఆ కాగితం మీది 127 అబద్ధమని వైద్యునికి తెలిసే మార్గం లేదు. కంట్రోల్ సీరం సగటు 100, ప్రామాణిక విచలనం 2 అయితే, అదే జరుగుడు పటంపై 106 దగ్గర, అంటే హద్దు గీత మీదికి వచ్చి కూర్చుంటుంది.

షూహార్ట్ హెచ్చరించిన రెండో పొరపాటు కూడా ప్రయోగశాలల్లోకి ప్రవేశించింది. జాగ్రత్త పేరుతో చాలా చోట్ల హద్దును మూడు నుంచి రెండు ప్రామాణిక విచలనాలకు కుదించారు. దానితో ఒక్క కంట్రోల్ వాడినప్పుడు నూటికి ఐదుసార్లు, రెండు కంట్రోళ్లు వాడితే సుమారు తొమ్మిదిసార్లు ఏ తప్పూ లేకుండానే గంట మోగుతుంది. అబద్ధపు గంటలకు అలవాటు పడిన సిబ్బంది, చుక్క లోపలికి వచ్చేవరకు కంట్రోల్‌ను మళ్లీ మళ్లీ నడిపిస్తారు. అప్పుడు పటం గోడకు అలంకారమే. 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్, ఆయన సహచరులు ఈ చిక్కుకు బహుళ నియమాల పద్ధతిని ప్రతిపాదించారు. రెండు విచలనాలు దాటిన ఒక్క చుక్క హెచ్చరిక మాత్రమే. వరుసగా రెండు చుక్కలు ఒకే వైపున ఆ గీత దాటినా, ఒక్కటే మూడో గీత దాటినా, పది చుక్కలు వరుసగా సగటుకు ఒకే పక్కన పడినా ఫలితాలు ఆపాలి. పప్పులో ఉప్పు వరుసగా పది రోజులు ఎక్కువైతే, ఏ ఒక్క రోజూ నోట పెట్టలేనంతగా లేకపోయినా, డబ్బాలో ఉప్పు మారిందేమోనని చూడాలి కదా.

ఈ చివరి అధ్యాయాన్ని షూహార్ట్ చూడలేదు. అమెరికా నాణ్యతా నియంత్రణ సంఘం ఆయనను తన తొలి గౌరవ సభ్యునిగా ఎన్నుకుంది. 1962లో భారతీయ గణాంక సంస్థ గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 1967 మార్చి 11న న్యూజెర్సీలోని ట్రాయ్ హిల్స్‌లో ఆయన మరణించారు.

భారతదేశంలో ఇప్పుడు ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు కోరే వైద్య ప్రయోగశాల రోజువారీ నియంత్రణ పటాలను చూపించాలి. దానితోపాటు బయటి సంస్థ పంపే, విలువ తెలియని నమూనాలను పరీక్షించి జవాబులు పంపాలి. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల జీవరసాయన పరీక్షలకు నడిపే బాహ్య నాణ్యతా పథకం ఈ కోవలోనిది. 1947లో బెల్క్, సండర్‌మన్ ఒకసారి చేసిన పనిని అది క్రమం తప్పకుండా చేస్తుంది. అయితే ఈ పటం కాపలా యంత్రం దగ్గరే ఆగిపోతుంది. రక్తం తీసేటప్పుడు ఒకరి గొట్టంపై మరొకరి పేరు అంటించినా, ఎండలో గంటల తరబడి ఉంచిన నమూనాను యంత్రంలో పెట్టినా, కంట్రోల్ సీరం చుక్క ఎప్పటిలాగే గీతల మధ్యే పడుతుంది. అందుచేత తిరస్కరించిన నమూనాలను, పేర్ల తప్పిదాలను సైతం నెలవారీగా లెక్కించి పటాలపై గుర్తించే పద్ధతిని ప్రయోగశాలలు చేపడుతున్నాయి.