మన్రో పట్టికలో మా వాడ ఎక్కడ?

కులాల లెక్క తీయడం ఈ దేశానికి కొత్త సంగతి అన్నట్టు కొందరు మాట్లాడుతున్నారు. జనగణనలో కులాన్ని చేర్చాలని 2025లో కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి ఈ ధోరణి మరీ ఎక్కువైంది. నేను పుట్టి పెరిగిన పెనుకొండ ప్రాంతంలో బడిపిల్లల కులాల లెక్క రెండు వందల ఏళ్ల కిందటే తీశారు. తీయించినవాడు సర్ థామస్ మన్రో. రాయలసీమలో ఆ పేరు తెలియని విద్యార్థి ఉండడు. ఆయన జీవితాన్ని మా వాడ వైపు నుంచి ఒకసారి చదివి చూడాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మా ప్రాంతంలో ఆయన సగం చరిత్ర, సగం కథ. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు ఉండేవి. మంత్రాలయం మఠం మాన్యం విషయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడన్న కథ యాత్రకు వెళ్లివచ్చిన ప్రతివారికీ తెలుసు. వెట్టివాడి మాన్యం గురించి అలాంటి కథ ఒక్కటీ లేకపోవడం నన్ను చిన్నప్పటి నుంచీ ఆలోచింపజేసేది. మా నాయనమ్మకు మన్రో పేరు తెలియదు. బొండకొయ్య అన్న మాట మాత్రం తెలుసు. అల్లరి చేసిన పిల్లలను బొండకొయ్యలో వేయిస్తానని బెదిరించేది. ఆ మాటకూ మన్రోకూ సంబంధం ఉందని నేను తెలుసుకున్నది హిందూపురంలో డిగ్రీ ముగించిన చాలా ఏళ్లకు.

మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆ వ్యాపారాన్ని ముంచింది. కొడుకు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. హైదరాలీతో యుద్ధంలో పనిచేశాడు. పారసీ, హిందుస్తానీ నేర్చుకున్నాడు. 1792 నుంచి ఏడేళ్లు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద భూమి శిస్తుల పని నేర్చాడు. ఆయనను పండితుడిగా, పాలకుడిగా ఒకేసారి తయారుచేసింది ఆ ఏడేళ్లే. పుస్తకం పక్కన పెట్టి గట్ల మీద నడిచి, చూసిన దానినుంచి ఒక సిద్ధాంతం తీసి, ఆ సిద్ధాంతాన్ని చట్టం దాకా తీసుకువెళ్లడం ఆయన పద్ధతి.

1800 అక్టోబరులో నిజాం దత్తమండలాలను కంపెనీకి వదులుకున్నాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆ మండలాల్లోవే. మన్రో కలెక్టరుగా వచ్చి అనంతపురంలో మకాం పెట్టాడు. ఎనభై మంది పాళెగాళ్లను అణచడానికి ఆయనకు ఎక్కువ కాలం పట్టలేదు. ఆ కథలు అందరికీ తెలిసినవే. అసలు పని భూమిది. గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగి పొలం పొలం కొలిపించాడు. మెట్ట, మాగాణి, తోట అని విడదీసి శిస్తు కట్టాడు. జమీందారు, ఇజారాదారు మధ్యలో లేకుండా రైతుకే పట్టా ఇచ్చి, ఏటా జమాబందీలో లెక్క తేల్చే రైత్వారీ పద్ధతి ఇక్కడే స్థిరపడింది. ఆ శిస్తు పంటలో దాదాపు 45 శాతం. అది భరించరానిదని ఆయనే గ్రహించి, నాలుగో వంతు తగ్గించాలని 1807లో నివేదించాడు. పైవాళ్లు వినలేదు. ఇంగ్లండు వెళ్లి, తిరిగివచ్చి, 1820లో మద్రాసు గవర్నరయ్యాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. మా ప్రాంతపు రైతు ఆయన పేరు బిడ్డకు పెట్టుకున్నాడంటే అందులో ఆశ్చర్యం లేదు.

పట్టా ఎవరి పేరిట? అప్పటికి భూమి ఎవరి చేతిలో ఉందో వారి పేరిట. అరక పట్టినవాడు, మోట తోలినవాడు, కళ్లం ఊడ్చి గింజలు ఏరుకున్నవాడు ఆ కాగితంలోకి రాలేదు. తలారికీ, వెట్టికీ ఇచ్చిన మాన్యం పేరుకు భూమే, నిజానికి చాకిరీకి కట్టిన కూలి. చాకిరీ మానితే భూమి ఉండదు. సర్కారుకూ రైతుకూ మధ్య అడ్డు తీసేశానని మన్రో అనుకున్నాడు. రైతు కింద ఇంకొక మనిషి ఉన్నాడన్నది ఆయన సిద్ధాంతంలో ఇమడలేదు. ఇది కావాలని చేసిన అన్యాయమని నేను అనను. గట్టు మీద నుంచి చూస్తే పొలం కనిపిస్తుంది, వాడ కనిపించదు.

బొండకొయ్య సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. న్యాయ పోలీసు వ్యవస్థలను మార్చే కమిషన్‌కు ప్రధాన సభ్యుడిగా 1814లో ఆయన మద్రాసుకు తిరిగి వచ్చాడు. 1816లో వరుసగా రెగ్యులేషన్లు వచ్చాయి. దరోగాల చేతిలోని పోలీసు అధికారం మళ్లీ ఊరి పెద్దకు చేరింది. పది రూపాయల లోపు దావాలు తీర్చే మునసబు అధికారమూ ఆయనకే దక్కింది. దేశీయ వ్యవస్థలను పునరుద్ధరించాడని చరిత్రకారులు దీన్ని మెచ్చుకుంటారు. అదే ఏటి పదకొండో రెగ్యులేషన్ ప్రకారం చిన్నపాటి తగాదా చేసినవాణ్ణి ఊరి పెద్ద కొన్ని గంటలు నిర్బంధించవచ్చు. నేరస్తుడు కింది కులంవాడైతే, అతనికి ఆ అవమానం తగనిది కాదనుకుంటే, బొండకొయ్యలో వేయవచ్చు. ఒకే తప్పుకు కులాన్ని బట్టి వేరు శిక్ష. మనుస్మృతిని తప్పుపట్టే మనం, కంపెనీ వారి అచ్చుపుస్తకంలోని ఈ నిబంధనను ఎందుకు మరిచిపోతాం?

ఇక బడుల లెక్క. 1822 జూన్‌లో గవర్నరుగా మన్రో, రాజధానిలోని అన్ని జిల్లాల కలెక్టర్లనూ బడుల సంఖ్య, చదివేవారి సంఖ్య, వారి కులం రాసి పంపమన్నాడు. మా మూడు ఊళ్లూ అప్పుడు బళ్లారి జిల్లాలోవి. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసి 1816లో అచ్చువేసినవాడు. ఆయన 1823 ఆగస్టులో పంపిన జవాబు నేను చదివిన సర్కారు నివేదికలన్నింటిలోకీ గొప్పది.

జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివేవారు 6,641 మంది, అంటే వెయ్యికి ఏడుగురు. కన్నడ బడులు 235, తెలుగువి 226. బాలికలు అరవై మంది. మగపిల్లల్లో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ముస్లింలు 243. మిగిలిన 1,174 మంది ఇతర కులాలవారు.

ధరంపాల్ 1983లో తన పుస్తకంలో ఈ పట్టికలను అచ్చువేశాక, బ్రిటిషువారి రాకకు ముందు చదువు అందరికీ అందేదని చాలామంది వాదించారు. శూద్రుల సంఖ్య బ్రాహ్మణుల కంటే ఎక్కువ కదా అంటారు. అది నిజమే, ఆ సంఖ్యను దాచడం తప్పు. అయితే జిల్లా జనాభాలో ఎవరు ఎంతమందో పక్కన పెట్టి చూడకపోతే ఆ ఆధిక్యానికి అర్థం లేదు. నా కన్ను మాత్రం ఆ చివరి గడి మీదే నిలుస్తుంది. ఆ 1,174 మందిలో మాల పిల్లవాడు ఉన్నాడా, మాదిగ పిల్లవాడు ఉన్నాడా? పట్టిక చెప్పదు. బ్రాహ్మణుడికి ఒక గడి, వైశ్యుడికి ఒక గడి ఇచ్చిన లెక్క మిగిలిన లోకాన్నంతా ఒక్క గడిలో కుక్కింది. నేటి కులగణన పత్రం చేతికొచ్చినప్పుడు నేను మొదట వెతికేది ఆ గడినే.

క్యాంప్‌బెల్ అంకెల దగ్గర ఆగలేదు. ఈ బడుల్లో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని సిగ్గుపడుతూ రాశాడు. కింది, మధ్య తరగతుల వారు జీతం ఇచ్చి పిల్లలను చదివించే స్థితిలో లేరన్నాడు. ఇంగ్లండు గుడ్డ వచ్చి ఇక్కడి నూలుగుడ్డను తోసివేయడంతో చేతిపనివారి బతుకు చితికిందని కారణం కూడా చెప్పాడు. ధర్మవరం మగ్గాల సందుల్లో నడిచినప్పుడల్లా నాకు ఆ వాక్యం గుర్తుకొస్తుంది. మగ్గం ఆగితే బడి ఆగుతుందని ఒక కంపెనీ ఉద్యోగి 1823లోనే కాగితం మీద పెట్టాడు.

రాజధాని మొత్తం లెక్క 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. దాన్ని చూసి 1826 మార్చిలో మన్రో ఒక పథకం రాశాడు. ప్రతి కలెక్టరేటులో హిందువులకు ఒకటి, ముస్లింలకు ఒకటి పెద్ద బడి, ప్రతి తాలూకాలో ఒక బడి. అంతకు ముందే, 1824 చివర్లో రాసిన మినిట్‌లో భారతీయులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వాలని గట్టిగా వాదించాడు. అదే మనిషి 1822లో పత్రికా స్వేచ్ఛ ఈ దేశానికి పనికిరాదన్నాడు. ఆయనను ఒక్క మాటలో పొగడలేం, ఒక్క మాటలో తీసిపారేయలేం.

పదవి వదులుకుని స్వదేశానికి వెళ్లబోతూ, దత్తమండలాలను చివరిసారి చూడాలని 1827లో బయలుదేరాడు. జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు, తర్వాత అవశేషాలను మద్రాసుకు తరలించారు. తాలూకా బడులను 1836లో ఎత్తివేశారు.

ఆయన బలపరిచిన రెడ్డి, కరణం ఉద్యోగాలు మాత్రం వంశపారంపర్యంగా 1984 జనవరి దాకా నడిచాయి. వాటిని రద్దుచేసిన ఎన్టీ రామారావు మరుసటి ఏడాది హిందూపురం నుంచి ఎన్నికయ్యాడు. ఆ రోజుల్లోనే మా ఊరి కరణం ఇంట్లోని దస్తరం కట్టలు ఆఫీసుకు చేరాయి. అందులో మన పేరు ఉందేమో చూసి రమ్మని నాయనమ్మ మా నాన్నను పంపింది. సాయంత్రానికి ఆయన తిరిగివచ్చాడు. పేరు ఉంది. పట్టాదారుల వరుసలో కాదు, వెట్టివాళ్ల జీతాల పద్దులో.