శాండో గారి కోకో డబ్బా

శాండో అంటే మనలో చాలామందికి బనియను. చేతులు లేని బనియనుకి ఆ పేరెలా వచ్చిందని అడిగితే అమ్మేవాడూ చెప్పలేడు, తొడుక్కున్నవాడూ చెప్పలేడు. కానీ శాండో ఒక మనిషి. పోయి వందేళ్ళు దాటింది. మన హాస్టల్ జిమ్ము గోడల మీద కండలు బిగించి నిలబడ్డ వీరులందరికీ, షేకర్లో పొడి కలుపుకుని గటగటా తాగే నా మిత్రులందరికీ ఆదిపురుషుడు అతనే అనొచ్చు. ఈ సంచికకి ఏదైనా రాయమని యూనియన్ వారు అడగ్గానే నాకు అతని కథే చెప్పాలనిపించింది.

అసలు పేరు ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ ముల్లర్. 1867 ఏప్రిల్ 2న ప్రష్యా దేశంలో కోనిగ్స్‌బెర్గ్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కలినిన్‌గ్రాడ్. చిన్నతనంలో తాను అర్భకుడిననీ, తండ్రి వెంట ఇటలీ వెళ్ళి పాతకాలపు విగ్రహాలు చూశాక అలాంటి దేహం సంపాదించాలనే పట్టుదల పుట్టిందనీ తర్వాత తనే రాసుకున్నాడు. అందులో నిజం పాలెంతో గానీ, పద్దెనిమిదేళ్ళ వయసులో సైన్యంలో చేరే బెడద తప్పించుకోడానికి దేశం వదిలి సర్కస్‌ల వెంట తిరిగిన మాట వాస్తవం. బ్రస్సెల్స్‌లో ప్రొఫెసర్ అటిలా అనే పేరుతో ప్రసిద్ధుడైన లూయీ డుర్లాకర్ అతన్ని చేరదీశాడు. పెద్దపెద్ద బరువులు పద్ధతిగా ఎత్తడం ఆ గురువు దగ్గరే నేర్చుకున్నాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

1889లో లండన్‌లో శాంప్సన్ అనే మల్లుడు, నన్ను మించినవాడుంటే రండి అని వేదిక మీద సవాళ్ళు విసిరేవాడు. గురువుగారు శిష్యుణ్ణి తీసుకెళ్ళి నిలబెట్టాడు. శాంప్సన్ ఓడాడు. ఒక్క రాత్రిలో లండనంతా శాండో పేరే. 1893లో అమెరికా వెళ్ళాడు. షికాగో ప్రపంచ ప్రదర్శన రోజుల్లో ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ అనే కుర్ర మేనేజరు ఒక కిటుకు కనిపెట్టాడు. జనం శాండో ఎత్తే బరువుల కంటే శాండో ఒంటినే ఎక్కువగా చూస్తున్నారని గ్రహించి, ఆ ఒంటినే ప్రదర్శనకి పెట్టాడు. 1894లో ఎడిసన్ స్టూడియో వారు అతని భంగిమల్ని చలనచిత్రంగా తీశారు. సినిమా ఇంకా పురిటిగుడ్డుగా ఉన్న కాలం అది!

ఇంతవరకూ ప్రదర్శన. ఇక పాఠం మొదలు. 1897లో లండన్‌లో వ్యాయామ విద్యాలయం పెట్టాడు. అదే సంవత్సరం బలం సంపాదించే విధానం మీద పుస్తకం అచ్చు వేశాడు. మరుసటేడు పత్రిక. పోస్టు ద్వారా కూడా పాఠాలు చెప్పేవాడు. గుమస్తాలు, విద్యార్థులు, షాపుల్లో పనిచేసేవాళ్ళు అతని శిష్యులు. విధానం చాలా తేలిక. కొద్ది పౌన్ల డంబెల్స్ జత ఒకటి, ఇంట్లో కాస్త చోటు, రోజుకి కొద్ది నిమిషాలు. ఏ కండ కదులుతోందో దాని మీదే మనసు పెట్టాలి. ఇవాళ ఎన్నిసార్లు చేశావో లెక్క ఉండాలి, ఆ లెక్క మెల్లమెల్లగా పెరగాలి. వయసుని బట్టి పట్టికలు కూడా వేసి ఇచ్చాడు. తిండి సంగతి కొస్తే ప్రత్యేకమైన పథ్యమేమీ అక్కర్లేదనీ, ఇంట్లో వండింది మితంగా తింటే చాలుననీ అన్నాడు.

1901 సెప్టెంబరు 14న లండన్ ఆల్బర్ట్ హాల్లో శరీర సౌష్ఠవ పోటీ జరిపించాడు. న్యాయనిర్ణేతల్లో ఒకడు శిల్పి చార్లెస్ లాస్, ఇంకొకడు షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్. మూడో మనిషి శాండోయే. నాటింగ్‌హామ్ నుంచి వచ్చిన ముర్రే గెలిచాడు. బహుమతి శాండో విగ్రహమే! 1977 నుంచి మిస్టర్ ఒలింపియా విజేతకి ఇస్తున్న ప్రతిమ కూడా అతనిదే. 1904-05లో మన దేశానికీ వచ్చి ప్రదర్శనలిచ్చాడు. మన వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు గారిని ఆ రోజుల్లో ఇండియన్ శాండో అనేవారంటే ఆ పేరు ఎంత దూరం పాకిందో చూడండి. నాయుడు గారు శాకాహారి అన్నది ఇక్కడ చెప్పుకోదగ్గ విషయం.

మరి డబ్బా కథ ఎక్కడ మొదలైంది? పేరుకి విలువ రాగానే సరుకు వచ్చి చేరింది. స్ప్రింగులున్న డంబెల్స్ అమ్మాడు. పాల నుంచి తీసిన ప్లాస్మన్ అనే పొడి ప్రకటనల్లో అతని పేరు కనబడింది. చివరికి ఆరోగ్యం, బలం ఇస్తుందంటూ సొంత పేరుతో కోకో పొడి దించాడు. ఇంటి తిండి చాలునన్న మనిషే డబ్బా అమ్మాడు! అప్పటికి అతని కండలు పెరిగి ఇరవయ్యేళ్ళు దాటింది. ఆ కోకోకీ ఆ కండలకీ ఏ సంబంధమూ లేదు. ఇంకో తమాషా. తన కండలు పెరిగిందేమో అటిలా దగ్గర ఎత్తిన పెద్ద బరువులతో, జనానికి అమ్మిందేమో చిన్న డంబెల్స్. అయితే మోసగాడని మాత్రం నేననను. కొద్దిగా మొదలుపెట్టి, రోజూ చేసి, క్రమంగా పెంచమన్న మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ మాట ఊరికే దొరుకుతుంది, డబ్బాకి ధర ఉంటుంది. అంతే తేడా.

1914లో యుద్ధం వచ్చింది. అంతకు ముందే బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నా, పుట్టుక జర్మన్ గడ్డ మీద కదా! జనం అనుమానంగా చూశారు. 1916లో కోకో కంపెనీ మూతపడింది. 1925 అక్టోబరు 14న, 58వ ఏట శాండో లండన్‌లో కన్నుమూశాడు. పట్నీ వేల్ శ్మశానంలో సమాధి చేశారు. ఒకప్పుడు ప్రపంచమంతా చూసిన ఆ ఒంటి మీద పేరు చెక్కిన రాయి నిలబడింది 2002లోనే.

మిత్రులారా, నేనీ కథ ఎందుకు చెబుతున్నానంటే, మా వరండాలో ఒక తమ్ముడు నెలనెలా మెస్సులో గుడ్డు, పాలు మానేసి ఆ డబ్బుతో పొడి డబ్బా కొంటున్నాడు. వాళ్ళ నాన్న కౌలు రైతు. ఒక చెంచా పొడిలో ఉండే మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు, అంటే నాలుగు కోడిగుడ్లు. వే పొడి అన్నది కూడా పాల విరుగుడు నుంచి వచ్చేదే, అందులో మంత్రమేమీ లేదు. అరవై కిలోల మనిషికి మామూలుగా రోజుకి 50 గ్రాములు చాలు, గట్టిగా బరువులెత్తేవాడికి అంతకంటే ఎక్కువ కావాలి. నాలుగు గుడ్లు, అరలీటరు పాలు, గుప్పెడు వేరుశనగలు కలిస్తే యాభై గ్రాములు వస్తాయి. మిగతాది రెండు పూటల అన్నం, పప్పు, పెరుగు చూసుకుంటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా కండల కోసం పొడులు వద్దనే 2024 సూచనల్లో చెప్పింది. క్రియాటిన్ ఒక్కటి బరువులెత్తే వారికి కొంత సాయపడుతుందని పరీక్షల్లో తేలింది గానీ, వ్యాయామం చేయనివాడికి అదీ దండగే. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోకూడదు.

వారానికి మూడు రోజులు దండేలు, గుంజీలు, కడ్డీ పట్టుకుని పైకి లేవడం, చేతనైనంత బరువు ఎత్తడం. నోటుబుక్కులో లెక్క. రాత్రి కంటినిండా నిద్ర. ఇంతకంటే కావలసింది లేదు.

చివరగా యూనియన్ వారికి ఒక మనవి. వచ్చే ఏడు వార్షికోత్సవానికి కట్టే రంగు కాగితాలు నాలుగు తగ్గించి, జిమ్ముకి ఒక కొత్త బార్‌బెల్లూ, మెస్సులో రోజూ అందరికీ ఇంకో గుడ్డూ ఇప్పించండి. శాండో పేరు మన ఒంటి మీద బనియనుగా ఎలాగూ ఉంది, కాస్త లోపలి ఒంటికి కూడా పట్టనివ్వండి.