పదునుండగానే విత్తినవాడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మాది ఓర్వకల్లు. కర్నూలు నుంచి నంద్యాల పోయే బస్సులో కూర్చున్నవాళ్ళకు మా ఊరంటే రాళ్ళే గుర్తు. ఆ రాళ్ళ పక్కనే మా మెట్టచేను. కాలువ లేదు, బోరు లేదు, ఆధారమంతా వానే. తొలకరి పడి నేల పదునైతే మా నాయన గొర్రు కడతాడు. తర్వాతి వాన ఎప్పుడొస్తుందో ఆయనకు తెలీదు. అది తెలిసేదాకా కూర్చుంటే పదును ఆరిపోతుందని మాత్రం బాగా తెలుసు.

కిందటేడు రసాయనశాస్త్రం పేపరు తప్పాను. చదువు మానేసి సేద్యంలోకి దిగేదా, మళ్ళీ పరీక్షకు కట్టేదా అని ఎటూ తేలక కొన్నాళ్ళు తిరిగాను. ఆ రోజుల్లోనే ప్రాక్టికల్ రికార్డు తిరగేస్తుంటే ఒక పేరు నన్ను పట్టుకొంది. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు. ఆ సుబ్బారావు మన తెలుగువాడేననీ, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినవాడనీ తెలిశాక ఆయన కథంతా వెతికి చదివాను.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడాయన. ఇంట్లో లేమి. చిన్నతనంలోనే కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకొని బతుకుదామని బయలుదేరితే దారిలోంచి పట్టుకొచ్చారట. మద్రాసులో వైద్య కళాశాలలో చేరాడు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఖద్దరు బట్టలతో ఆపరేషన్ గదికి వెళ్ళినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపమొచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి రావలసివచ్చింది. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధిస్తూ రోజులు గడిపాడు. ఈలోపే స్ప్రూ అనే జబ్బు తోడబుట్టినవాళ్ళను తీసుకుపోయింది. ఆయనా అదే జబ్బుతో మంచం పట్టి లేచాడు.

ఇక్కడే నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆయన స్థానంలో ఉంటే మనలో ఎంతమంది ఉన్నదాంతో సరిపెట్టుకోకుండా ఉంటాం? మామగారిచ్చిన డబ్బూ కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయమూ పట్టుకొని 1920ల మొదట్లో ఆయన ఓడెక్కి బోస్టను చేరాడు. హార్వర్డులో చదువుతూ కడుపు నింపుకోవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో ఊడిగం చేశాడు. పోయేముందు ఆయన చేతిలో ఏ హామీ లేదు.

ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ పద్ధతి ప్రకటించాడు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ సంగతి బయటపెట్టారు. 1929లో ఏ.టి.పి. కూడా. జీవకణం పని చెయ్యడానికి వాడుకొనే శక్తి ఆ ఏ.టి.పి. నుంచే వస్తుందని ఇప్పుడు మనం చదువుకొంటున్నాం. ఇంత చేసినా హార్వర్డులో శాశ్వతోద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారాడు. అక్కడ ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశాయి. తన ఇంటివాళ్ళను బలిగొన్న స్ప్రూకు అది మందయింది. బోదకాలుకు హెట్రజాన్ అక్కడిదే, ఆరియోమైసిన్ అక్కడిదే. క్యాన్సరుకు ఈనాటికీ వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ పరిశోధనల ఫలమే.

మిత్రులారా, ఇంతవరకే చెప్పి ఆపితే నేను సగమే చెప్పినట్టు. మూడేళ్ళలో వస్తానన్న మనిషి మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేదు. వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం ఆయన చూడనే లేదు. భార్య శేషగిరి ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో నిద్రలోనే కన్నుమూశాడు. ముందడుగు వేసినవాడి ఖర్చు ఆయనొక్కడే పెట్టుకోలేదు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఆ తల్లి పేరు కూడా చెప్పాలని నాకనిపిస్తుంది.

ఈ సంగతి నన్ను కుదిపింది. నా చదువు ఖర్చు కూడా ఒక్కడిదే కాదు. మా నాయన తెచ్చిన అప్పుంది, చెల్లెలు మానుకొన్న కొత్తబట్టలున్నాయి. అందుకే ఆరు నెలలు ఎటూ తేల్చకుండా తిరగడం ఓపిక కాదనీ, వాళ్ళ డబ్బును ఎండబెట్టడమేననీ అర్థమైంది. తప్పిన పేపరుకు మళ్ళీ ఫీజు కట్టి, రాశాను. ఎం.ఎస్సీ. ప్రవేశపరీక్షకు దరఖాస్తు కూడా పెట్టాను. ఫలితాలింకా రాలేదు. సీటొస్తుందో రాదో నాకు తెలీదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి సంగతి చెబితే మా నాయన పెద్దగా ఏమీ అనలేదు. విత్తేది మన వంతేనని, వాన సంగతి వానకు వదిలెయ్యమని చెప్పి, గొర్రు కర్రలు సరిచేసుకొంటూ కూర్చున్నాడు.